గవ్వలరేవు దృష్టాంతం

ధవళగిరి మహావిహారాన్ని దూరం నుంచి చూస్తే కొండ నెత్తిన ఎవరో పాలకుండ బోర్లించినట్టు ఉంటుంది. దగ్గరికి వెళితే ఆ వైభవమే వేరు. ఏనుగుల వీపుల మీద నిలిచిన రాతి స్తంభాలు, తామరతీగలు చెక్కిన తోరణాలు, చిరుగాలికే గలగలమనే కంచు గంటలు, ఎండపొడ తగిలితే కళ్ళు జిగేల్మనిపించే రాగి శిఖరం, వీటన్నిటి నడుమ నల్లరాతి పలకలు పరిచిన వాదప్రాంగణం. దేశదేశాల నుంచి వచ్చిన విద్యార్థులు తెల్లవారింది మొదలు అక్కడ చేరి, చేతులు తిప్పుకుంటూ, గొంతులు చించుకుంటూ, ఈ లోకం ఉందా లేదా అని తేల్చుకుంటూ ఉంటారు. భోజనం గంట మోగితే మాత్రం లోకం ఉందనే పక్షమే నెగ్గుతుంది.

ఆ ప్రాంగణంలో ఒక మూల, పొగడచెట్టు నీడన కూర్చుని సోమిలుడు పాఠం వల్లె వేస్తున్నాడు.

"రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం."

మనిషి అంటే ఈ ఐదు పోగులే, వీటికంటే వేరుగా 'నేను' అనేది ఎక్కడా లేదు అని ఆ పాఠం సారాంశం. పాఠం నోటికి వచ్చింది. కాని వేదన అన్న మాట దగ్గర ప్రతిసారీ అతని నాలుక తడబడేది. ఆ మాట వెంటే ఇందుమాల గుర్తుకు వచ్చేది.

సోమిలుడు పుట్టుకతో పండితుడేమీ కాడు. రత్నకంకణ రాజ్యంలో రాజుగారి గుర్రాలకు నడక నేర్పే రౌతు. మాంత్రికుడు ఘోరకేతు ఆ రాజును శిలగా మార్చి, సింహాసనం ఎక్కి, ఒక అమావాస్య రాత్రి రాకుమారి ఇందుమాలను బలి ఇచ్చి చావులేని వాడు కావాలని ముహూర్తం పెట్టుకున్నాడు. సోమిలుడు ఆమెను గుర్రం మీద ఎక్కించుకుని కోట గోడ దూకించాడు. అడవులు దాటి, నదులు దాటి, ఒకచోట కూలి ఆడవాళ్ళ మధ్య కూలిదాని వేషంలో ఆమెను దాచాడు. ఆ చోటు పేరు ఎవరికీ చెప్పలేదు. దారి పొడవునా ఇద్దరి మనసులూ కలిశాయి కాని, ఆ మాట మాత్రం ఒకరికొకరు చెప్పుకోలేదు. ఆమె రాజు కూతురని అతను నోరు విప్పలేదు. ఆమె ఎందుకు విప్పలేదో అతనికి తెలియదు. ఆ తెలియకపోవడమే రాత్రింబగళ్ళు అతని గుండెను తొలిచేస్తోంది.

పక్కనే ఉండి కాపలా కాయవచ్చు కదా అంటే, అక్కడే వచ్చింది చిక్కు. ఘోరకేతు దగ్గర ఒక నల్లటి అద్దం ఉంది. అందులో చూసుకున్నవారి ముఖం అందులో కనబడదు. వాళ్ళ మనసు ఎవరి కోసం కొట్టుకుంటోందో వాళ్ళ ముఖం, అప్పుడున్న వేషంతో సహా తేలుతుంది. మాంత్రికుడికి సోమిలుడి ముఖం బాగా తెలుసు. అతన్ని పట్టుకుని అద్దం చూపిస్తే చాలు, ఇందుమాల దొరికిపోయినట్టే. అందుకే అతను తల గొరిగించుకుని, కాషాయం కట్టి, ధవళగిరి ఎక్కాడు. విహారం చుట్టూ పాతిన హద్దురాళ్ళ లోపల ఏ మంత్రమూ పారదు. పైగా కోరికను చల్లార్చే విద్య చెప్పే చోటు ఈ భూమ్మీద అదొక్కటే. ఆమెను రక్షించుకోవాలంటే ఆమె మీద ఆశ చంపుకోవాలి. ఇంతకంటే అన్యాయమైన చదువు ఉంటుందా అని అతను రోజూ అనుకునేవాడు, అనుకుంటూనే చదివేవాడు.

"నాయనా, ఇవాళ ఎలా ఉంది?" అంటూ ఆచార్యుడు శీలగుప్తుడు కర్ర ఊతగా పట్టుకుని వచ్చాడు. విహారంలో సోమిలుడి కథ తెలిసినవాడు ఆయన ఒక్కడే.

"పొద్దుటి నుంచి ఆమెను ఒక్కసారి కూడా తలుచుకోలేదు, భదంతా."

"తలుచుకోలేదని కాపలా కాస్తున్నదెవరు మరి?"

ముసలాయన నవ్వి, పక్కనే పలక మీద చతికిలబడ్డాడు.

"తలుచుకోవద్దని నేను ఎప్పుడు చెప్పాను? ఆమె ముఖం మనసులోకి వస్తే రానీ. వచ్చిందాన్ని పట్టుకుని వేలాడకు. ఆ పట్టు వదలడమే విద్య. మిగతాదంతా నోటి పాఠం."

"ఆమె నన్ను మరిచిపోయిందో లేదో అదొక్కటి తెలిస్తే వదిలేస్తాను, భదంతా."

"తెలిస్తే వదులుతావా, ఇంకా గట్టిగా పట్టుకుంటావా?"

అంతలోనే మహాద్వారం దగ్గర భేరి మోగింది. ధవళగిరిలో ఆ భేరి మోగడమంటే ఎవరో పరమతస్థుడు వాదానికి వచ్చాడని అర్థం. భేరి కొట్టినవాడికి జవాబు చెప్పి తీరాలి. ఎవరితో వాదించాలో ఎంచుకునే హక్కు కూడా అతనిదే. ఎంచుకున్నవాడు వెనకడుగు వేస్తే విహారమంతా ఓడినట్టు లెక్క.

వచ్చిన పండితుణ్ణి చూడటానికి ప్రాంగణమంతా నిండిపోయింది. బొడ్డు దాకా దిగిన వెండి గడ్డం, చెవులకు పగడపు కుండలాలు, భుజాన పట్టుశాలువ, చేతిలో నెమలీకల విసనకర్ర. నడుస్తుంటే సభ అంతా తన సొంత వాకిలి అన్నట్టు నడిచాడు. పెద్ద పెద్ద ఆచార్యులను ఒక చూపుతో దాటేసి, విసనకర్ర చివరతో పొగడచెట్టు వైపు చూపించాడు.

"ఆ మూల కూర్చున్న కొత్త శిష్యుడితో వాదిస్తాను."

సోమిలుడి పక్కనే ఉన్న గోనందుడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోనందుడు అతని సహపాఠి. మధ్యాహ్నం దాటితే తినకూడదన్న నియమం ఒక్కటి తప్ప బౌద్ధం మొత్తం తనకు నచ్చిందని అందరితో చెప్పుకునే మనిషి.

"అయిపోయాంరా సోమిలా. నీకు నోరు పెగలదు, విహారం పోతుంది, రేపటి నుంచి మనం భిక్షకు ఎక్కడ తిరగాలో ఏమో" అని గొణిగాడు.

ధవళగిరి వాదానికి ఒక పద్ధతి ఉంది. తన మాట చెప్పాలి, దానికి కారణం చెప్పాలి, ఆ తరువాత దృష్టాంతం చూపాలి. ఇంతవరకు లోకంలో అన్నిచోట్లా ఉన్నదే. కాని ఇక్కడ పుస్తకంలోని దృష్టాంతం చెల్లదు. ఎప్పుడో ఎవరో చెప్పిన రథం గురించో దీపం గురించో ఎత్తితే సభ కిసుక్కుమని నవ్వుతుంది. చెప్పేవాడు తన కంట చూసిందే చెప్పాలి. ఎక్కడ చూశావు, అక్కడ ఎవరున్నారు అని ఎదుటివాడు అడిగితే దాచకుండా చెప్పాలి. తాను చూడనిదాన్ని ఎరువు తెచ్చుకుని సత్యమని చెప్పేవాడు దొంగ అని ఆ విహారంలో పాతుకుపోయిన నమ్మకం.

పండితుడు మొదలుపెట్టాడు. "పోగులు కలిస్తే వాటికంటే వేరైన ఒక వస్తువు పుడుతుంది. దానిమ్మగింజలు వేరు, దానిమ్మపండు వేరు. ఐదు పోగులు వేరు, మనిషి వేరు. లేని వస్తువైతే జనం దానికి పేరెందుకు పెడతారు? మీ ఊరి మామిడితోపుకు పేరు లేదా? నువ్వు మనిషివి కావా? నీకు కావలసినవాళ్ళు మనుషులు కారా?"

చివరి మాట సూటిగా వచ్చి తగిలింది. సోమిలుడి ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్ళుగా ఈ ప్రాంగణంలో అతను గెలిచిన వాదం ఒక్కటీ లేదు. ప్రతిసారీ అందరూ నవ్వేవారు, ఆచార్యుడు సర్దిచెప్పేవాడు, అతను మూలకు వెళ్ళి కూర్చునేవాడు. ఇవాళ మాత్రం జవాబు దానంతట అదే నోటికి వచ్చింది.

"పేరు ఉన్నంత మాత్రాన వస్తువు ఉన్నట్టు కాదు. వస్తువు పోయాక కూడా పేరు మిగులుతుంది."

"దృష్టాంతం?"

"సముద్రపు ఒడ్డున ఉప్పుకుప్ప. ఆడవాళ్ళు పగలంతా తట్టలతో మోసి, గట్టు మీద మనిషెత్తు కుప్ప పోశారు. రాత్రి వాన కొట్టింది. కుప్ప మొత్తం కరిగి సముద్రంలో కలిసింది. పొద్దున్నే ఆ ఆడవాళ్ళే ఖాళీ తట్టలతో వచ్చారు. ఆ చోటికి రాగానే, అడ్డం ఏమీ లేకపోయినా, పక్కకు తప్పుకుని చుట్టూ తిరిగి వెళ్ళారు. ఉప్పు లేదు. కుప్ప అన్న తలపు మాత్రం దారికి అడ్డంగా నిలబడి ఉంది."

"సాధు, సాధు" అంటూ ప్రాంగణం మారుమోగింది. గోనందుడు పక్కవాడి వీపు మీద దభీమని చరిచాడు. పెద్ద భిక్షువులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని తలలు ఊపారు. సోమిలుడికి ఒళ్ళు గాలిలో తేలినట్టుంది. పాఠం మొదటిసారి తనదైంది.

పండితుడు ఓడినవాడిలా కనబడలేదు. విసనకర్ర మెల్లగా ఊపుతూ, "చాలా బాగుంది. ఎక్కడ చూశావు?" అని అడిగాడు.

"గవ్వలరేవు ఉప్పుమళ్ళలో" అన్నాడు సోమిలుడు, ఆ ఊపులోనే.

"ముందుగా పక్కకు తప్పుకున్నది ఎవరు?"

"ఒక ఆమె. చుట్టూ తిరిగి వెళ్ళాక తన పొరపాటు తనకే తెలిసి, వెనక్కి చూసి నవ్వు..."

ఆ నవ్వు కళ్ళముందు కదిలింది. వాన వెలిసిన ఆ పొద్దున, తల చుట్టూ పాతగుడ్డ చుట్టుకుని, చేతిలో ఖాళీ తట్టతో, అతని వైపు చూసి ఆమె నవ్విన నవ్వు. అతను ఆమెను చూసింది అదే ఆఖరు.

పండితుడు ఆ ముఖాన్ని తీరికగా చదువుకున్నాడు. "ఈ హద్దురాళ్ళ లోపల నా విద్య పారదని నాకు తెలుసు, రౌతూ. అందుకే మీ విద్యనే వాడుకున్నాను" అని, శాలువ దులుపుకుని మహాద్వారం వైపు నడిచాడు. ఆఖరి హద్దురాయి దాటగానే గడ్డం, కుండలాలు, పట్టుశాలువ అన్నీ కలిసి ఒక సుడిగాలిగా లేచాయి. ఆ సుడిలోంచి పెద్ద గద్ద ఒకటి రెక్కలు విప్పి తూర్పుకు ఎగిరింది.

సోమిలుడు ఉన్నచోటనే కుప్పకూలాడు. నా నోటితో నేనే ఆమెను పట్టి ఇచ్చాను అని తల బాదుకున్నాడు. శీలగుప్తుడు కర్రతో అతని భుజం తట్టి లేపాడు.

"ఏడుపుకు తరువాత బోలెడంత సమయం ఉంటుంది. ఘోరకేతుకు ఊరు తెలిసింది కాని ఆమె ఏ వేషంలో ఉందో తెలియదు. అక్కడ అందరూ తలగుడ్డ కట్టి, ఉప్పు పేరుకున్న ముఖాలతో ఉంటారు కదా. వాడు వెతుక్కోవాలి. ఈలోగా నువ్వు చేరి ఆమెను తప్పించు. పైన సముద్రపు గాలి గద్దకు ఎదురు కొడుతుంది. కింద నీరు పల్లానికి పరుగెడుతుంది."

విహారం వెనక, మెట్లబావి అడుగున ఒక బిలం ఉంది. కొండ కడుపులో పుట్టిన ఏరు ఆ బిలంగుండా పోయి గవ్వలరేవుకు కూతవేటు దూరంలో సముద్రంలో కలుస్తుంది. ముగ్గురూ కలిసి తాటిదోనె ఒకటి నీటిలోకి దించారు. గోనందుడు అటూ ఇటూ చూసి, కాషాయం మడతలోంచి దాచుకున్న బెల్లం ముక్క తీసి అతని చేతిలో పెట్టాడు.

"సాయంత్రం ఆకలి వేస్తే తిను. పాపం నాకే అంటుతుందిలే" అన్నాడు. అతని కళ్ళు చెమర్చాయి.

"నాయనా, బిలంలో ఒక జలపిశాచి ఉంది. నువ్వు ఎవరిని కోరుకుంటే ఆ రూపంలో వస్తుంది. చెయ్యి చాపావా, లోపలికి లాగేస్తుంది" అని ఆచార్యుడు చెబుతుండగానే నీరు దోనెను లాక్కుపోయింది.

ఏరు పిచ్చెక్కినట్టు పరుగెడుతోంది. రాతిగోడలు ఇరువైపులా గీరుకుంటున్నాయి. ఒకచోట పైకప్పు ఎంత కిందికి దిగిందంటే సోమిలుడు దోనెలో వెల్లకిలా పడుకుని ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. ఒకచోట ఏరు జలపాతమై దూకింది, దోనె గిరగిరా తిరిగి మళ్ళీ నిలబడింది. రాళ్ళలో పొదిగినట్టున్న మణులు పచ్చగా, నీలంగా వెలుగుతుంటే, ఆ వెలుగులో ఆమె వచ్చింది.

నీటి మీద నడుము వరకు తేలి, తడి జుట్టు భుజాల మీద పరుచుకుని, ఇందుమాల అతని పక్కనే ఈదుతున్నట్టు వస్తోంది.

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు? నీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి నా కళ్ళు కాయలు కాచాయి. నాకు చెయ్యి అందించవా?"

అతను ఆమె నోట వినాలని తపించిన మాట అదే. చెయ్యి దానంతట అదే దోనె అంచు దాటింది. వేళ్ళకు చల్లటి నీరు తగిలింది. అప్పుడు పళ్ళు బిగించి, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు పైకి అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఇవి వెంట్రుకలు. ఇవి గోళ్ళు. ఇది చర్మం, ఇది ఎముక, ఇది కన్నీరు, ఇది గొంతులో పుట్టిన గాలి. వీటిలో ఇందుమాల ఏది? ప్రేమించిన మనిషిని తన చేత్తో ముక్కలు ముక్కలుగా విప్పదీసుకుంటూ పోయాడు. ఒక్కొక్క మాటకూ కళ్ళ నీళ్ళు కారిపోయాయి, అయినా ఆపలేదు. చివరకు ఎదురుగా నురగ, నాచు, నీటి వెలుగు మాత్రం మిగిలాయి. జలపిశాచి అరిచి అడుగుకు జారిపోయింది.

దోనె బిలం దాటి ఎండలోకి వచ్చేసరికి సోమిలుడి మనసు కడిగిన పలకలా ఉంది. అందులో సంతోషం లేదు. బాధ కూడా లేదు. ఇదేనా ఆచార్యుడు చెప్పిన పట్టు వదలడం అనుకున్నాడు. ఇదే అయితే ఇంత చప్పగా ఉందేమిటి అని కూడా అనుకున్నాడు.

గవ్వలరేవు ఉప్పుమళ్ళు ఎండకు తెల్లగా మండుతున్నాయి. మడుల్లో ఆకాశం పడి ఉంది. గట్ల మీద తట్టలతో ఆడవాళ్ళు బారులు తీరి వస్తూ పోతూ ఉన్నారు. అందరి తలకూ గుడ్డలే, అందరి ముఖాల మీదా ఉప్పు పేరుకున్న తెల్లటి చారలే. గద్ద జాడ ఎక్కడా లేదు. ఒక కుప్ప పక్కన మాత్రం ఆడవాళ్ళు మూగి ఉన్నారు. మధ్యలో ముగ్గుబుట్టలాంటి తలతో ఒక ముసలి వర్తకుడు గాజులు, దువ్వెనలు, అద్దాలు పరుచుకుని కూర్చున్నాడు.

"రండమ్మా రండి, ఊరికే చూసుకోండి. చూసినందుకు రుసుము లేదు."

వాడి చేతిలో ఉన్న అద్దం నల్లగా ఉంది.

ఒకావిడ అందులోకి తొంగి చూసి వెనక్కి తగ్గింది. "ఏటిదీ, నా మొగం అగుపడదేటి? మా ఇంటాయన అగుపడతన్నాడు" అంది. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. వర్తకుడు కూడా నవ్వి, అద్దాన్ని పక్కావిడ వైపు తిప్పాడు.

సోమిలుడికి అంతా అర్థమైంది. వీళ్ళలో ఎవరు తొంగి చూస్తే సోమిలుడి ముఖం తేలుతుందా అని ఘోరకేతు చూస్తున్నాడు. పరుగెత్తితే అనుమానిస్తాడు, ఆమె కోసం కళ్ళతో వెతికితే ఆ చూపే చెప్పేస్తుంది. కాబట్టి దారిన పోయే భిక్షువులా తల వంచుకుని నడిచాడు. ఆమె ఎక్కడుందో కనిపెట్టి, దాటిపోతూ ఒక్క మాట చెవిన వేస్తే చాలు, బిలం దగ్గర దోనె ఉంది.

"ఏం సామీ, తమరూ చూసుకోండి" అంటూ వర్తకుడు లేచి దారికి అడ్డం నిలబడ్డాడు. తల వంచుకున్నా వాడు గుర్తుపట్టాడు. కళ్ళు మెరిశాయి. అద్దం తీసుకువచ్చి సోమిలుడి ముఖానికి ఎదురుగా పెట్టాడు.

సోమిలుడు అద్దంలోకి చూశాడు. తల వంచలేదు, కళ్ళు మూయలేదు. అద్దం నల్లగా ఉంది, నల్లగానే ఉండిపోయింది. అందులో ఎవరూ తేలలేదు. వర్తకుడి కనుబొమలు ముడిపడ్డాయి. అద్దాన్ని కొంచెం ఎత్తాడు, కొంచెం దించాడు. ఏమీ లేదు.

అప్పుడే వెనక నుంచి, "ఎండకి సొక్కిపోనావు సామీ, నీళ్ళు తాగుతావేటి?" అని ఒక గొంతు వినిపించింది.

ఉప్పుమళ్ళ యాస నేర్చుకున్న ఆ గొంతును అతను ఎక్కడైనా గుర్తుపడతాడు. సోమిలుడు వెనక్కి తిరిగాడు. ముంతతో నిలబడి ఉంది ఇందుమాల. చిక్కిపోయింది. చేతులు ఉప్పుకు కోసుకుపోయి ఉన్నాయి. అతన్ని ఆమె ఎప్పుడో గుర్తుపట్టింది, అందుకే అంతమందిని దాటుకుని వచ్చింది. మాటలో వేషం ఉంది కాని చూపులో లేదు. ఆ చూపు అతని ముఖమంతా వెతుకుతోంది.

వర్తకుడి ఊపిరి అతని మెడకు తగులుతోంది. సోమిలుడు ఆమెను చూశాడు. ఇవి కళ్ళు. ఇది చర్మం. ఇది ముంత.

"దాహం లేదు తల్లీ. ఎవరికైనా ఇవ్వు" అన్నాడు.

గొంతులో వణుకు లేదు, ముఖంలో కదలిక లేదు. శీలగుప్తుడు ఉంటే మెచ్చుకునేవాడు. విహారంలో ఎవరూ ఇంత బాగా పాఠం అప్పజెప్పి ఉండరు. కాని ఆ చదువు అతను చదివాడు, ఆమె చదవలేదు.

ఇందుమాల ముఖం పాలిపోయింది. ముంత చేతిలోంచి జారి గట్టు మీద పగిలింది. తల్లీ అన్న మాట దగ్గరే ఆమె ప్రాణం ఆగిపోయినట్టుంది. ఎవరో ఊరు పేరు తెలియని మనిషిని చూసినట్టు అతను తనను చూశాడు. కళ్ళ నిండా నీళ్ళు నిండి, ముఖం మీది ఉప్పు చారల మీదుగా జారుతుంటే ఆమె తుడుచుకోలేదు, చూపు తిప్పుకోలేదు.

ఆమె ముఖానికి సూటిగా, సోమిలుడి భుజం పక్కనుంచి, వర్తకుడి చేతిలో ఆ అద్దం ఇంకా ఎత్తి ఉంది.

ఆడవాళ్ళ నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. సోమిలుడు తిరిగి చూశాడు. నల్లటి అద్దంలో గొరిగిన తల, కాషాయం, ఎండకు కందిన చెంపలు, తన ముఖమే నిండుగా తేలుతోంది. ఆమె మరిచిపోలేదు. ఒక్కనాడు కూడా మరిచిపోలేదు. ఆ అద్దం అబద్ధం చెప్పదు.

ఒక్క దూకు దూకి ఆ అద్దాన్ని లాక్కోవలసిన క్షణం అది. గోడలు దూకించిన రౌతుకు అదేమంత కష్టం కాదు. కాని ఆ క్షణంలో సోమిలుడికి ఘోరకేతు గుర్తుకు రాలేదు, బలి గుర్తుకు రాలేదు, ఐదు పోగులూ గుర్తుకు రాలేదు. గుండె నిండా సంతోషం పొంగి, అతను కదలకుండా నిలబడి అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు. తేరుకుని చెయ్యి చాపేసరికి మాంత్రికుడి వేళ్ళు ఇందుమాల మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి.